చెస్‌లో ఒకే పొజిషన్ మూడోసారి వస్తే డ్రా ఎలా అడగాలి?

ఓడిపోవాల్సిన గేమ్‌ను వరుస చెక్‌లతో నిలబెట్టుకుని, తీరా డ్రా అడగడం రాక చేజార్చుకునేవాళ్లు క్లబ్ టోర్నమెంట్లలో ఎక్కువైపోయారు. ఫోన్‌లో ఆడితే చాలాసార్లు యాప్ తనే డ్రా ఇచ్చేస్తుంది. బోర్డు మీద అలా కాదు. ఒకే పొజిషన్ ఐదుసార్లు వస్తేనే ఆర్బిటర్ (టోర్నమెంట్ న్యాయనిర్ణేత) తనంతట తాను గేమ్ ఆపుతారు. మూడోసారికైతే మీరే అడగాలి.

కావలసినవి స్కోర్ షీట్ (ఎత్తులు రాసుకునే కాగితం), పెన్ను. ప్రతి ఎత్తూ చదవగలిగేలా రాయండి. పొజిషన్ తిరిగొచ్చినప్పుడల్లా పక్కన చిన్న చుక్క పెట్టాలి.

లెక్కపెట్టాల్సింది ఎత్తులను కాదు, పొజిషన్‌ను. వరుసగా రానక్కర్లేదు. కానీ పావులన్నీ అవే గళ్లలో ఉండాలి, ఎత్తు వంతు అదే ఆటగాడిది కావాలి, క్యాస్లింగ్ (రాజు, రూక్ ఒకే ఎత్తులో కదలడం), ఆంపాసాం (రెండు గళ్లు ముందుకొచ్చిన బంటును పక్క బంటుతో చంపడం) అవకాశాలూ మారకూడదు.

ఇక అందరూ తప్పు చేసేది ఇక్కడే. మీ క్వీన్ ఈ8 గడిలో చెక్ ఇస్తే ఎదుటివారి రాజు జీ8 నుంచి హెచ్7కి, హెచ్5లో చెక్ ఇస్తే మళ్లీ జీ8కి వెళ్తున్నాడు. ఈ8 చెక్‌తో మూడోసారి అదే పొజిషన్ వస్తుందనుకోండి. క్వీన్‌ను ఆడేసి, క్లాక్ నొక్కి, అప్పుడు "డ్రా" అంటే చెల్లదు. వంతు ఎదుటివారిదైపోయింది. ముందు ఆ ఎత్తును షీట్ మీద రాయండి. ఆడొద్దు. క్లాక్ ఆపి ఆర్బిటర్‌ను పిలిచి, "ఈ ఎత్తుతో పొజిషన్ మూడోసారి వస్తుంది, డ్రా క్లెయిమ్ చేస్తున్నాను" అనండి. రాసిన ఎత్తును ఇక మార్చడానికి లేదు.

ఎదుటివారి ఎత్తుతోనే మూడోసారి వచ్చిందా? అప్పుడు ఏమీ రాయక్కర్లేదు, మీ వంతులో క్లాక్ ఆపి అడగండి. ఏ పావునైనా ఆడాలని ముట్టుకుంటే మాత్రం ఆ వంతుకి హక్కు పోయినట్టే. అందుకే టెన్షన్‌లో చేతులు బల్ల కింద పెట్టుకోవాలి.

"డ్రా ఇస్తారా?" అని ఎదుటివారిని అడగడం కంటే ఇది ఎంతో మేలు. గెలుపు వాసన తగిలినవాళ్లు ఎందుకు ఒప్పుకుంటారు? క్లెయిమ్ సరైనదైతే వాళ్ల ఒప్పుదలతో పనే లేదు.

ఆర్బిటర్ షీట్ చూసి తేలుస్తారు. లెక్క తప్పితే ఎదుటివారికి రెండు నిమిషాలు కలుస్తాయి, మీరు రాసిన ఎత్తే ఆడాలి. సరిపోతే చెరో అర పాయింట్ రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టండి.