ఫ్యామిలీ మెడిసిన్ రెసిడెన్సీలో సైకాలజిస్ట్ ఫ్యాకల్టీగా చేరడం, నిలదొక్కుకోవడం ఎలా?

అమెరికాలో ఫ్యామిలీ మెడిసిన్ రెసిడెన్సీ (వైద్య డిగ్రీ తర్వాత డాక్టర్లు తీసుకునే శిక్షణ) మూడేళ్లు. అక్కడ పాఠాలు చెప్పే ఫ్యాకల్టీలో డాక్టరు కాని మనిషి ఒకరు దాదాపు ప్రతిచోటా కనిపిస్తారు. వాళ్లను బిహేవియరల్ సైన్స్ ఫ్యాకల్టీ అంటారు, ఎక్కువగా సైకాలజిస్టులే. రెసిడెన్సీలకు గుర్తింపునిచ్చే ఏసీజీఎంఈ నిబంధనల్లోనే, శిక్షణలో మానసిక ఆరోగ్యాన్ని కలిపే బాధ్యత చూసే ఫ్యాకల్టీ ఉండాలని ఉంది. ఈ ఉద్యోగం పుట్టింది అందుకే. 2017లో వచ్చిన సవరణలు రెసిడెంట్ల బాగోగులను కూడా ప్రోగ్రామ్ బాధ్యతగా మార్చాయి. చాలాచోట్ల ఆ వెల్‌నెస్ పని కూడా సైకాలజిస్టు నెత్తినే పడింది.

పని మంచిదే. కానీ ఒకే మనిషిని టీచరుగా, పేషెంట్లకు థెరపిస్టుగా, రెసిడెంట్ల యోగక్షేమాలు చూసే పెద్దదిక్కుగా నిలబెడుతుంది. ఈ మూడింటి మధ్య గీత ఎక్కడ గీయాలో మొదటి నెలలోనే తేల్చుకోకపోతే తర్వాత ఎంత పని చేసినా చిక్కులు తప్పవు.

చేరే ముందు

ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) గుర్తింపు ఉన్న పీహెచ్‌డీ లేదా సైడీ (చికిత్స వైపు మొగ్గే సైకాలజీ డాక్టరేట్, PsyD) కావాలి. అందులో భాగంగా ఏపీపీఐసీ మ్యాచ్ (ఇంటర్న్‌షిప్ కేంద్రాల సంఘం అభ్యర్థులను, సీట్లను జతచేసే పద్ధతి) ద్వారా ఒక ఏడాది ఫుల్‌టైమ్ ఇంటర్న్‌షిప్ ఉంటుంది. డాక్టరేట్ తర్వాత పర్యవేక్షణలో చేయాల్సిన గంటలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. కాలిఫోర్నియాలో మొత్తం 3000 గంటలు, అందులో కనీసం 1500 డాక్టరేట్ వచ్చాక. కొన్ని రాష్ట్రాలు డాక్టరేట్ తర్వాతి గంటలు అడగవు. లైసెన్సు పరీక్ష ఈపీపీపీలో 225 ప్రశ్నలు, లెక్కలోకి వచ్చేవి 175, పాస్ కావడానికి స్కేల్డ్ స్కోరు 500.

ఇండియాలో ఎంఏ గానీ క్లినికల్ సైకాలజీ ఎంఫిల్ గానీ చేసి వచ్చినవాళ్లు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. ఆ చదువు అక్కడి డాక్టరేట్‌కు సమానం కాదు, అడ్మిషన్‌కు మాత్రం పనికొస్తుంది. ఇంకొకటి, మాజీ సైనికుల కోసం నడిచే వెటరన్స్ ఆసుపత్రుల (వీఏ) ఇంటర్న్‌షిప్‌లకు అమెరికా పౌరసత్వం తప్పనిసరి. మ్యాచ్‌లో చెప్పుకోదగ్గన్ని సీట్లు వాళ్లవి కాబట్టి, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు అవి తీసేసి మిగిలినవాటితోనే జాబితా వేసుకోవాలి. ఉద్యోగం దగ్గర కాస్త ఊరట ఉంది. యూనివర్సిటీలకు, వాటికి అనుబంధంగా ఉండే నాన్‌ప్రాఫిట్ ఆసుపత్రులకు హెచ్‌1బీ లాటరీ అక్కర్లేదు.

ప్రాక్టికమ్ (డాక్టరేట్ చదువుతుండగా చేసే క్లినిక్ శిక్షణ) ఎంచుకునేటప్పుడే ప్రైమరీ కేర్ క్లినిక్ పట్టుకోండి. యాభై నిమిషాల థెరపీ గదిలోనే పెరిగినవాళ్లకు, తలుపు తట్టి "ఇప్పుడే వచ్చి ఈ పేషెంట్‌ను చూస్తారా?" అనే చోటు మొదట్లో ఊపిరాడనివ్వదు.

ఇంటర్వ్యూలో సాధారణంగా రెసిడెంట్లకు ఒక క్లాసు చెప్పమంటారు. సిద్ధాంతాలతో మొదలుపెడితే పది నిమిషాల్లో అందరూ పేజర్లు చూసుకుంటూ కూర్చుంటారు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) 11 ఉన్నా ఇన్సులిన్ వద్దంటున్న పేషెంట్ లాంటి కేసు ఒకటి ముందుపెట్టి, "ఇప్పుడు మీరైతే ఏమంటారు?" అని అడగండి. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్‌లోంచి (మారడానికి కారణాలు పేషెంటే చెప్పేలా మాట్లాడే పద్ధతి) ఒక్క నైపుణ్యం నేర్పి, ఇద్దరిద్దరి చేత చేయించి ముగించండి.

ఆఫర్ లెటర్‌లో జీతం కంటే ముందు చూడాల్సింది పూటల లెక్క. వారానికి పది పూటలు, ఒక్కో పూట 0.1 ఎఫ్‌టీఈ, అంటే ఫుల్‌టైమ్ ఉద్యోగంలో పదో వంతు. సొంత పేషెంట్లకు ఎన్ని, రెసిడెంట్లను గమనించడానికి ఎన్ని, క్లాసులకు, వెల్‌నెస్‌కు ఎన్ని అన్నది రాతపూర్వకంగా ఉండాలి. "వెల్‌నెస్ డైరెక్టర్" అని బిరుదిచ్చి ఒక్క పూటా కేటాయించని ఆఫర్లు ఉంటాయి. కనీసం ఒక పూట లేకుండా ఆ బాధ్యత తీసుకోకండి. మీ జీతం పేషెంట్ల బిల్లింగ్ యూనిట్ల మీద ఆధారపడి ఉందేమో కూడా అడగండి. ఉంటే బోధన మెల్లగా పక్కకు పోతుంది.

గదిలో గమనించడం

మొదటి ఏడాది మీ మీద నమ్మకం కుదిరేది క్లాసుల వల్ల కాదు, రెసిడెంట్ పేషెంట్‌తో మాట్లాడుతుంటే మీరు కూర్చుని చూడటం వల్ల. గదిలోనైనా కెమెరాలోనైనా పేషెంట్ అనుమతి ముందే తీసుకోవాలి. లోపలికి వెళ్లే ముందు రెసిడెంట్‌ను ఒకటే అడగండి: "ఈరోజు ఏం చూడమంటారు?" వాళ్లు చెప్పింది ఒకటి, మీకు తోచింది ఒకటి, అంతకు మించి రాసుకోవద్దు. ఇరవై నిమిషాల విజిట్‌కు పన్నెండు లోపాల జాబితా ఇస్తే అందులో ఒక్కటీ గుర్తుండదు.

మాటలను ఉన్నవి ఉన్నట్టుగా రాసుకోండి. "సానుభూతి తక్కువ" అని రాస్తే రెసిడెంట్ వాదిస్తాడు. "'మా ఆయన పోయాక నిద్ర పట్టట్లేదు' అని ఆమె అంది. మీరు 'రాత్రి కాఫీ తాగుతారా?' అన్నారు" అని చదివి వినిపిస్తే మీరు ఇంకేమీ చెప్పనక్కర్లేదు. పేషెంట్‌ను మొదట్లోనే ఆపేయడం అందరూ చేసేదే. 1999లో ఫ్యామిలీ డాక్టర్ల మీద వచ్చిన అధ్యయనంలో, పేషెంట్ మొదలుపెట్టిన మాటను డాక్టరు సగటున 23 సెకన్లకే మళ్లించినట్టు తేలింది. గడియారం పెట్టి ఆ సెకన్లు చూపించండి. ఫీడ్‌బ్యాక్ అదే పూట ఇవ్వాలి, వారం తర్వాత ఇస్తే ఆ విజిట్ ఎవరికీ గుర్తుండదు.

పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్‌ను కొలిచే తొమ్మిది ప్రశ్నల ఫారం) నేర్పేటప్పుడు పొరపాట్లు ఎప్పుడూ అవే చోట్ల వస్తాయి. రెసిడెంట్ మొత్తం స్కోరే చూస్తాడు. 10కి చేరలేదు కాబట్టి పర్లేదనుకుంటాడు, తొమ్మిదో ప్రశ్నకు, అంటే చావు ఆలోచనల ప్రశ్నకు, 1 వేసి ఉన్నా కంట పడదు. ముందు తొమ్మిదో ప్రశ్న, తర్వాతే మొత్తం అని అలవాటు చేయండి. మందు రాసే ముందు మేనియా (మితిమీరిన ఉత్సాహం, నిద్ర అక్కర్లేదనిపించడం లాంటి స్థితి) లక్షణాలు గతంలో ఉన్నాయా అని అడగాలి, బైపోలార్ ఉన్నవాళ్లకు యాంటీడిప్రెసెంట్ ఒక్కటే ఇస్తే మేనియా రెచ్చిపోవచ్చు. చికిత్స మొదలయ్యాక 5 పాయింట్లు తగ్గితే మెరుగైనట్టు లెక్క. మళ్లీ ఫారం నింపించకపోతే ఆ లెక్కే ఉండదు.

రెసిడెంట్ మిమ్మల్ని అప్పటికప్పుడు పేషెంట్ దగ్గరికి పిలవడాన్ని వార్మ్ హ్యాండాఫ్ అంటారు. ఇక్కడ ఆసుపత్రి యాజమాన్యంతో ఒక పేచీ రావచ్చు. 90832 అనే థెరపీ కోడ్‌కు కనీసం 16 నిమిషాలు కావాలి. పది నిమిషాల హ్యాండాఫ్‌కు ఆ బిల్లు రాదు. కాబట్టి ఆ పూటను ఒప్పందంలో బోధన కిందే చూపించాలి, లేకపోతే ఏడాది చివర్లో "ప్రొడక్టివిటీ తక్కువ" అని కాగితం మీ ముందు పెడతారు.

బాలింట్ గ్రూపు

లండన్‌లో మైకేల్ బాలింట్ 1950లలో జీపీలతో (ఫ్యామిలీ డాక్టర్లతో) మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఎనిమిది నుంచి పన్నెండు మంది, ఇద్దరు లీడర్లు, గంట నుంచి గంటన్నర. ఒకరు నోట్స్ లేకుండా తమను వేధిస్తున్న పేషెంట్ గురించి చెబుతారు. సందేహాలు రెండు మూడు తీరాక చెప్పినవాళ్లు కుర్చీ వెనక్కి జరిపి మౌనంగా వింటారు. మిగతావాళ్లు ఆ పేషెంట్‌కు, ఆ డాక్టర్‌కు ఎలా అనిపించి ఉంటుందో ఊహిస్తారు.

పాడయ్యేది ఒకే కారణంతో: ఎవరో ఒకరు "టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చేయించావా?" అంటారు. అంతటితో గ్రూపు కాస్తా కేస్ కాన్ఫరెన్స్ అయిపోతుంది. "ఆ పరీక్ష సంగతి తర్వాత చూద్దాం. ఆమె వెయిటింగ్ రూమ్‌లో కూర్చుని ఏం అనుకుంటూ ఉంటుంది?" అని లీడర్ మళ్లించాలి. రెసిడెంట్ల పేజర్లు మోగని పూట గ్రూపు పెట్టుకోండి. అటెండింగ్ డాక్టర్లు (రెసిడెంట్లను పర్యవేక్షించే సీనియర్లు) మెంటర్ల పేరుతో వచ్చి కూర్చుంటే రెసిడెంట్లు నోరు విప్పరు.

వెల్‌నెస్: యోగా మ్యాట్ కంటే ముందు షెడ్యూలు

రెసిడెంట్‌కు వారానికి 80 గంటల పరిమితి, నాలుగు వారాల సగటున. ఏకధాటి డ్యూటీ 24 గంటలు, కేసులు అప్పగించడానికి మరో నాలుగు. అంత పని చేసినవాడికి నైట్ డ్యూటీ దిగిన మధ్యాహ్నం "స్ట్రెస్ మేనేజ్‌మెంట్" క్లాసు తప్పనిసరి చేస్తే, మీరు చేసేది వెల్‌నెస్ కాదు, ఇంకో డ్యూటీ.

పని చేసేవి చప్పగా ఉంటాయి. సెలవులో ఉన్నవాళ్ల ఇన్‌బాక్స్ ఎవరు చూడాలో ముందే రాసిపెట్టడం, ఇంటికెళ్లాక రాత్రి ఎంతసేపు చార్టింగ్ (పేషెంట్ల రికార్డులు రాయడం) చేస్తున్నారో రికార్డు సిస్టమ్ నుంచి తీయించి డైరెక్టర్ ముందు పెట్టడం, జ్వరమొస్తే బదులు వచ్చే మనిషి పేరు జాబితాలో ఉండేలా చూడటం. డాక్టర్ అపాయింట్‌మెంట్లకు డ్యూటీ వేళల్లోనే వెళ్లే అవకాశం ఇవ్వాలని నిబంధన ఉంది, కానీ అడగడానికి ఎవరూ ముందుకు రారు. అందుకే కొత్త ఇంటర్న్‌లందరికీ (మొదటి ఏడాది రెసిడెంట్లకు) మీరే, బయటి కౌన్సెలర్ దగ్గర, ఒక అపాయింట్‌మెంట్ బుక్ చేసి పెట్టండి. వద్దనుకున్నవాళ్లు రద్దు చేసుకుంటారు. అందరూ వెళ్తున్నారు కాబట్టి ఎవరి మీదా వేలు పడదు.

బర్నౌట్ (పనితో వచ్చే తీవ్ర అలసట) కొలిచే సర్వేలకు మాస్లాక్ ఇన్వెంటరీ (22 ప్రశ్నలు, డబ్బు కట్టి వాడాలి) గానీ, చిన్నది కావాలంటే మినీ-జెడ్ (Mini Z) గానీ చాలు. ప్రమాదం చిన్న సంఖ్యల్లో ఉంది. ఏడాదికి ఆరుగురు ఉన్న ప్రోగ్రామ్‌లో "రెండో ఏడాది, మహిళ" అని విడదీస్తే పేరు రాసినట్టే. ఐదుగురికి తక్కువ ఉన్న ఏ గుంపు ఫలితమూ బయటపెట్టకండి. ఆ మాట సర్వే మొదటి పేజీలోనే రాయండి. ఫలితాలు చూపించాక ఒక్కటైనా మార్చకపోతే వచ్చే ఏడాది సర్వే ఎవరూ నింపరు.

గీత ఎక్కడ?

మీ రెసిడెంట్‌కు మీరు థెరపీ చేయకూడదు. ఏపీఏ నైతిక నియమావళిలో 3.05 చెప్పేది ఇలాంటి బహుళ సంబంధాల గురించే. రెసిడెంట్ ముందుకెళ్లాలా వద్దా అని సమీక్షించే క్లినికల్ కాంపిటెన్సీ కమిటీలో మీరు ఉంటే, ఆ సంగతి ఓరియంటేషన్ రోజునే అందరికీ చెప్పండి. కుదిరితే వెల్‌నెస్ చూసే మనిషి ఆ కమిటీలో ఓటు వేయకపోవడమే మేలు.

అసలు పరీక్ష కారిడార్‌లో వస్తుంది. ఇక్కడి రెసిడెంట్లలో మన వైపు మెడికల్ కాలేజీల నుంచి వచ్చినవాళ్లు చాలామందే ఉంటారు. మీరూ తెలుగువాళ్లైతే, రెండో నెలకు "మేడమ్" పోయి "అక్కా, రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?" అని వస్తుంది. ఆ పిలుపు వద్దనక్కర్లేదు. కానీ వాళ్లు మొదలుపెట్టక ముందే చెప్పాలి: "చెప్పమ్మా, వింటాను. కాకపోతే నేను నీ ఫ్యాకల్టీని, నీ కౌన్సెలర్‌ని కాదు. అందరికీ తెలియకూడని సంగతైతే అది దాచిపెట్టగల మనిషి దగ్గరికి ఇప్పుడే ఫోన్ చేద్దాం." అంతా విన్నాక ఈ మాట చెబితే మోసం చేసినట్టుంటుంది.

ఆత్మహత్య ఆలోచన బయటపడితే ఈ నియమాలన్నీ పక్కకు. ఒంటరిగా వదలొద్దు, ఎమర్జెన్సీకి తోడు వెళ్లండి లేదా 988కి (ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్) ఫోన్ కలపండి. డైరెక్టర్‌కు "ఈరోజు డ్యూటీ చేయలేరు" అన్నంత వరకే చెప్పండి.

లైసెన్సు పోతుందేమోనన్న భయంతో చాలామంది సాయం అడగరు. ఇప్పుడు చాలా రాష్ట్రాల ఫారాలు ప్రస్తుతం పనికి అడ్డొస్తున్న జబ్బు గురించే అడుగుతున్నాయి. మీ రాష్ట్రం ఫారం తెచ్చి, ఆ ప్రశ్నను అక్షరాలా చూపించండి. జే-1 వీసా (శిక్షణకు వచ్చే విదేశీ డాక్టర్లకిచ్చే వీసా) మీద ఉన్నవాళ్లకు సెలవు గురించి వేరే భయం ఉంటుంది. దానికి మీరు సొంతంగా సలహా ఇవ్వకుండా, ఆసుపత్రిలో ఆ వీసాలు చూసే లయజాన్ దగ్గరికి పంపండి.

ప్రమోషన్

ఎక్కువమంది క్లినీషియన్-ఎడ్యుకేటర్ ట్రాక్‌లో (పేషెంట్లను చూడటం, బోధన ప్రధానంగా ఉండే దారి) చేరతారు. అసోసియేట్ ప్రొఫెసర్‌కు ఆరేడేళ్లు పడుతుంది. అప్పుడు అడిగేది బోధన రుజువులు, కాబట్టి మొదటి రోజు నుంచే ఒక స్ప్రెడ్‌షీట్: తేదీ, అంశం, ఎంతమంది, ఎన్ని గంటలు, వాళ్లిచ్చిన రేటింగ్. ఏడాదికి రెండుసార్లు సహోద్యోగి చేత మీ క్లాసు గమనింపజేసి లేఖ రాయించుకోండి.

1967లో ఏర్పడిన సొసైటీ ఆఫ్ టీచర్స్ ఆఫ్ ఫ్యామిలీ మెడిసిన్‌లో సభ్యత్వం తీసుకోండి. బిహేవియరల్ ఫ్యాకల్టీ కోసమే వాళ్లు నడిపే ఏడాది ఫెలోషిప్ ఉంది, కొత్తవాళ్లకు అంతకంటే ఉపయోగపడేది తక్కువ. ప్రమోషన్‌కు బయటి యూనివర్సిటీల నుంచి లేఖలు కావాలి, ఆ మనుషులు పరిచయమయ్యేది అక్కడే. మీరు తయారుచేసిన పాఠాన్ని మెడ్‌ఎడ్‌పోర్టల్‌కు (వైద్యవిద్య పాఠాలను ప్రచురించే ఆన్‌లైన్ జర్నల్) పంపితే అచ్చు అయిన పనిగా లెక్కకొస్తుంది.

ఒక జాగ్రత్త. వెల్‌నెస్ సర్వే ఫలితాలను ఎప్పటికైనా వ్యాసంగా రాయాలనుకుంటే ఐఆర్‌బీకి (పరిశోధనల నైతికతను పరిశీలించే కమిటీ) ముందే అర్జీ పెట్టండి. "ఇది పరిశోధన కిందికి రాదు" అని వాళ్లిచ్చే ఉత్తరమైనా సరే, డేటా సేకరించక ముందు తేదీతో ఉండాలి. ఆ తర్వాత పెట్టిన అర్జీకి వెనక తేదీతో అనుమతి రాదు, అది లేకపోతే జర్నల్స్ వ్యాసం తీసుకోవు.