పాత పద్మినిని ఘాట్ రోడ్డుకు సిద్ధం చేయడం

పాత ప్రీమియర్ పద్మినినో, స్టాండర్డ్ హెరాల్డ్‌నో కొన్నవారు చాలామంది మొదటి డబ్బును రంగు మీద పెడతారు. మెరీనా బీచ్ రోడ్డు మీద ఆదివారం ఉదయం నడపడానికి మాత్రమైతే అందులో తప్పేమీ లేదు. తమిళనాడు కొండ ఊళ్లైన ఏలగిరికో ఏర్కాడుకో తీసుకెళ్లాలంటే మాత్రం ఖర్చు వరుసను తిరగేయాలి. ముందు బ్రేకు వేస్తే బండి ఆగాలి, తరువాత వేడెక్కకుండా ఉండాలి, ఆపైన స్టీరింగ్ ఆట, అంటే చక్రాలు కదలకుండానే స్టీరింగ్ తిరిగే వదులు, తగ్గాలి. రంగు సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు. కొండ ఎక్కలేని కారు దారి పక్కన నిలిచిపోతుంది, అంతే. ప్రమాదమంతా దిగేటప్పుడే ఉంటుంది కనుక మరమ్మతును దిగడం కోసమే చేయించాలి.

హెరాల్డ్ 1961 నుంచి మద్రాసులోనే తయారైన కారు. దాని బాడీ విడిగా ఉన్న ఛాసిస్ (అడుగు చట్రం) మీద కూర్చుంటుంది. బానెట్ మొత్తం ముందుకు వాలుతుంది కాబట్టి ఇంజను పని బల్ల మీద పెట్టుకుని చేసినంత సులువు. ఫియట్ 1100 వారసురాలైన 1089 సీసీ పద్మినికి 1974లో ఆ పేరు వచ్చింది, తరువాత పాతికేళ్లకు పైగా తయారైంది. అందువల్ల చెన్నైలోని పుదుపేట దుకాణాల్లో దాని విడిభాగాలు దొరికే అవకాశం ఎక్కువ. మొదటిసారి ఈ పనిలో దిగేవారికి నేను పద్మినినే సూచిస్తాను. అయితే దానికి విడి ఛాసిస్ లేదు, బాడీయే బలమంతా మోస్తుంది. సముద్రపు గాలికి తుప్పు పట్టిన పద్మిని పైకి నిగనిగలాడుతున్నా లోపల డొల్లగా ఉండవచ్చు. కొనేముందు మ్యాట్లు ఎత్తించి ఫ్లోరును, తలుపుల కింది అంచులను, జాకీ పెట్టే చోట్లను, బ్యాటరీ అడుగును స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. పలుచటి గుడ్డలో చుట్టిన అయస్కాంతం ఎక్కడ పట్టుకోదో అక్కడ రేకు బదులు పుట్టీ ఉందని అర్థం.

ఇక బ్రేకులు. పద్మినికి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే, అంటే చక్రంతో తిరిగే డ్రమ్మును లోపలి నుంచి లైనింగు అనే రాపిడి పట్టీ ఒత్తి ఆపుతుంది. వాలులో అదేపనిగా పెడల్ నొక్కితే డ్రమ్ము వేడికి వ్యాకోచించి లైనింగుకు దూరం జరుగుతుంది, లైనింగు పట్టు కోల్పోతుంది, అదే సమయంలో బ్రేక్ ఆయిల్ కూడా మరగడం మొదలుపెడుతుంది. డాట్ 3 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదన్నది ప్రమాణం. తేమ పీల్చుకున్నాక ఆ ప్రమాణం 140 డిగ్రీలకు పడిపోతుంది. మరిగిన ఆయిల్‌లో పుట్టే ఆవిరి బుడగలు నొక్కితే కుంచించుకుపోతాయి కనుక పెడల్ దూదిలా దిగిపోతుంది. చెన్నై గాలిలో తేమకు కొదవ లేదు, కాబట్టి ఆయిల్‌ను ఏటా పూర్తిగా మార్పించడం మంచిది.

మా మేనమామ గారి కారులో ఒక వర్క్‌షాపువాళ్లు కొత్త లైనింగులు వేసి, వీల్ సిలిండర్లలోని (ఆయిల్ ఒత్తిడితో లైనింగును డ్రమ్ముకు నెట్టే భాగాలు) పాత రబ్బర్లను అలాగే వదిలేశారు. ఏలగిరి దిగుతుండగా నాలుగో మలుపు దాటాక పెడల్ నేలకు తగిలింది. హ్యాండ్ బ్రేకు, మొదటి గేరు కలిసి ఎలాగో కారును రాతిగోడ పక్కన ఆపాయి. వెనుక సీటులో ఉన్న మా అత్తయ్య ఆ తరువాత రెండేళ్లు ఆ కారు ఎక్కలేదు. అందుకే లైనింగులు మార్చినప్పుడే నాలుగు చక్రాల సిలిండర్ కిట్లు, పెడల్ ఒత్తిడిని ఆయిల్‌కు అందించే మాస్టర్ సిలిండర్ కిట్, రబ్బరు గొట్టాలు అన్నీ కలిపి మార్పించాలి. గాట్లు పడిన డ్రమ్ములను లేతు మీద పట్టించాలి. హ్యాండ్ బ్రేకును పరీక్షించడానికి చెన్నై వంటి చదునైన ఊరిలో వాలు దొరకదంటారా, ఏదైనా బేస్‌మెంట్ పార్కింగ్ దారి సరిపోతుంది. నలుగురిని ఎక్కించుకుని అక్కడ కారు కదలకుండా నిలవాలి.

రేడియేటర్‌ను పైపైన నీళ్లతో కడిగితే చాలదు. ట్యాంకు విప్పించి, గొట్టాల్లో పేరుకున్న మట్టిని సన్నని కడ్డీలతో తోడించి (రాడ్డింగ్ చేయించి), కొత్త మూత వేయించాలి. వేడి తగ్గుతుందని, ఇంజను వేడిని బట్టి రేడియేటర్‌కు నీటిని వదిలే థర్మోస్టాట్‌ను పీకేసే మెకానిక్కులు ఉన్నారు. నా మటుకు నేను దాన్ని ఉంచి, మిగతావి బాగుచేయిస్తాను. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపు డయాఫ్రమ్ (లోపలి పలుచటి పొర) దానికి తట్టుకోవు కాబట్టి తట్టుకునే రకం వేయించాలి. ఎండలో ఎక్కుతున్నప్పుడు పంపులో పెట్రోలు ఆవిరై ఇంజను ఆగిపోతే, పంపు మీద తడిగుడ్డ కప్పే పాత చిట్కా ఇప్పటికీ పనిచేస్తుంది.

కాగితాల విషయంలో ఒక మెలిక ఉంది. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన, అసలు రూపం చెడని కారును వింటేజ్ వాహనంగా నమోదు చేసి ‘వీఏ’ అక్షరాలున్న నంబరు పొందవచ్చు. అయితే అలాంటి కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనం, మరమ్మతు వంటి అవసరాలకే రోడ్డెక్కించాలి, మామూలు ప్రయాణాలకు వాడకూడదు. విహారయాత్రలు మీ ఉద్దేశమైతే మామూలు ఆర్సీనే గడువు తప్పకుండా పునరుద్ధరించుకోవాలి.

మొదటి యాత్రకు ఏలగిరి చాలు. చెన్నై నుంచి సుమారు 230 కిలోమీటర్లు, కొండ మీదికి 14 హెయిర్‌పిన్ (వెనక్కి తిరిగే) మలుపులు. ఆ మలుపులకు తిరువళ్లువర్, కంబర్ వంటి తమిళ కవుల పేర్లు, పారి వంటి దాతల పేర్లు పెట్టారు. ఏర్కాడు 20 మలుపులను తరువాతికి ఉంచుకోండి. తెల్లవారకముందే బయలుదేరితే ఎండ ముదిరేలోగా కొండ కిందికి చేరతారు. ఫ్యాన్ బెల్టు, ఇంజనుకు నిప్పురవ్వ అందించే పాయింట్, కండెన్సర్, ఒక రేడియేటర్ గొట్టం, పది లీటర్ల నీళ్లు డిక్కీలో ఉండాలి.

ఎక్కేటప్పుడు మలుపులోకి వెళ్లాక గేరు మార్చకూడదు, మలుపుకు ముందే రెండో గేరులోకి రావాలి. పాత గేర్‌బాక్సుల్లో చాలావాటికి మొదటి గేరులో సింక్రోమెష్ (కారు కదులుతుండగా గేరు సాఫీగా పడేలా చేసే ఏర్పాటు) ఉండదు కనుక, అది కావలసివస్తే కారును పూర్తిగా ఆపి వేయడమే క్షేమం. ఇరుకు చోట దిగే వాహనమే ఎక్కే వాహనానికి దారి ఇవ్వాలన్నది నియమం. అయితే బస్సు డ్రైవరు ఆ నియమాన్ని గుర్తుంచుకుంటాడని నమ్ముకోకండి. ఇంజను వేడి చూపే ముల్లు ఎరుపు వైపు జరిగితే వెడల్పు చోట ఆపి, ఇంజనును కాసేపు తిరగనిచ్చి తరువాత ఆపాలి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత జోలికి పోకూడదు.

దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగాలి. పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో వదిలితే ఇంజను పట్టు పోయి, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. పెడల్ మీద కాలు ఆనించి ఉంచకుండా, మలుపుకు ముందు గట్టిగా కొద్దిసేపు నొక్కి వదిలేయాలి. ఆ వదిలిన వ్యవధిలోనే డ్రమ్ములు చల్లబడతాయి. పెడల్ ఏమాత్రం మెత్తబడినట్టు అనిపించినా ఆపి అరగంట ఆగాలి.

కొండ దిగి, ఏలగిరి కింద ఉన్న పొన్నేరి కూడలి చేరాక కారు ఆపి, నాలుగు చక్రాల దగ్గరా అరచేయి తాకించకుండా చూపండి. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు వదలడం లేదు. ఒకటి చల్లగా ఉంటే అది అసలు పట్టడం లేదు. ఏ చక్రమో ఒక కాగితం మీద రాసుకుని, మర్నాడు మెకానిక్కు చేతికివ్వండి.