మాఘం ముహూర్తాలకి రాళ్ల నగలు చేసేవాళ్లకి జాగ్రత్తలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఇళ్లలో పని చేసుకునేవాళ్లు ఆర్డర్లు పట్టే ముందు ఇవి చూసుకోండి.

రాయిని పొడిగా అరగదీయొద్దు. స్ఫటికం దుమ్ములోని సిలికా వల్ల వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు నయం కాదు. చక్రం మీద నీళ్లు పడుతూనే ఉండాలి. ముక్కుకి తువ్వాలు చాలదు, ఎన్‌95 మాస్కు పెట్టుకోండి. బల్ల మీద బురదని తడిగా ఉండగానే తుడిచేయండి, ఆరితే మళ్లీ దుమ్మే. పిల్లలు పడుకునే గదిలో ఈ పని వద్దే వద్దు.

అతుకులన్నీ అయ్యాకే రాయి పొదగండి. మంట తగిలితే గార్నెట్ చిట్లిపోవచ్చు.

కెంపుల్ని విడిగా పొట్లం కట్టండి. మోస్ కొలతలో (రాళ్ల గట్టిదనం కొలిచేది) వాటి కాఠిన్యం 9, పక్కనున్న స్ఫటికానిది 7. స్ఫటికం మీద గీతలు పడతాయి.

ముత్యం, పగడం ఉంటే ఆమ్లంలో వేయొద్దు, కరుగుతాయి.

ఇచ్చే ముందు నగని చెవి దగ్గర ఆడించండి. టిక్కుమంటే రాయి వదులుగా ఉన్నట్టే.