మావయ్య తెప్పకి ఫిష్ ఫైండర్ బిగించాక నేర్చుకున్నవి

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో నాకు చేతినిండా పని ఉండేది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. వేట నిషేధంలో పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, వైరింగ్ పనులన్నీ అప్పుడే గుర్తొస్తాయి. నీళ్ళ లోతునీ, కింద ఉన్న చేపల్నీ స్క్రీన్ మీద చూపించే ఫిష్ ఫైండర్ కోసం వచ్చినవాళ్ళు మొదట అడిగేది స్క్రీన్ ఐదంగుళాలా, ఏడంగుళాలా అని. అది ఆఖర్న చూసుకోవచ్చు. ముందు ట్రాన్స్‌డ్యూసర్ ఎక్కడ కూర్చుంటుందో, కరెంటు ఎలా వస్తుందో తేల్చుకోండి.

ట్రాన్స్‌డ్యూసర్ కిందికి శబ్దం పంపి, అడుగుకి తగిలి తిరిగొచ్చేదాన్ని పట్టుకుంటుంది. ఉప్పునీళ్ళలో శబ్దం సెకనుకి సుమారు 1500 మీటర్లు పోతుంది కాబట్టి, వచ్చిన సమయాన్ని బట్టి లోతు లెక్క. దానికి గాలంటే పడదు. మధ్యలో బుడగ ఉందంటే శబ్దం అక్కడే తిరిగి కొడుతుంది.

నేను మొదట బిగించింది మా మావయ్య ఫైబర్ తెప్పకి. రంధ్రం పెట్టనివ్వలేదు ఆయన. సరే, లోపలే అడుగుకి అతికిద్దామని బాత్రూముల్లో వాడే సిలికాన్ రాసి నొక్కేశాను. జెట్టీ దగ్గర మూడు బారలని చక్కగా చూపించింది. బయటికెళ్ళి పదిహేను బారలు దాటగానే అడుగు మాయం, ఖాళీ స్క్రీన్. "మూడు బారల లోతు నా గెడకే తెలుస్తుంది కదరా" అన్నాడు మావయ్య. పీకి చూస్తే సిలికాన్ నిండా బుడగలు, ఉప్మా ఉడికినట్టు.

ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది. పల్చటి ప్లాస్టిక్ సంచిలో నీళ్ళు పోసి, ట్రాన్స్‌డ్యూసర్ అందులో దించి మూతి కట్టి, తెప్ప లోపల తడిపిన అడుగు మీద ఆనిస్తాను. వేటకెళ్ళే లోతుకి తీసుకెళ్ళి చూస్తాను. అడుగు గీత తెగకుండా వస్తే అదే చోటు. రాకపోతే జానెడు అటూ ఇటూ జరుపుతాను. ఫైబర్ రెండు పొరల మధ్య ఫోమ్ ఉన్నచోట ఎంత జరిపినా లాభం లేదు. చోటు దొరికాక పెయింట్, నూనె జిడ్డు గీకి, ఎపాక్సీ జిగురుని పుల్లతో నిదానంగా కలపాలి. పప్పు గిలక్కొట్టినట్టు కలిపారా, బుడగలు మీరే పోసినట్టు. ట్రాన్స్‌డ్యూసర్‌ని మెలితిప్పుతూ దింపితే మిగిలిన గాలి పక్కలకి పోతుంది. ఒక రాత్రంతా కదపకండి.

చెక్క బోటుకి ఇది పనికిరాదు, శబ్దాన్ని చెక్క తాగేస్తుంది. అడుగున రంధ్రం వేయాల్సిందే, బోటు ఒడ్డుకి ఎక్కించినప్పుడే వేయాలి. ప్రొపెల్లర్‌కి బాగా ముందు, నురగ తగలని చోట.

కరెంటు సంగతి. ఇంటి స్విచ్‌బోర్డు వైరు ముక్కలు తెచ్చి కలిపేవాళ్ళని చాలామందిని చూశాను. బ్యాటరీ నుంచి స్క్రీన్‌కి ఆరు మీటర్లయితే రానూపోనూ పన్నెండు. 0.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకి ఒక ఆంపియర్ దగ్గర 0.4 వోల్టు దారిలోనే పోతుంది. 2.5 వైరేస్తే పోయేది 0.08. సెల్ఫ్ కొట్టగానే స్క్రీన్ ఆరిపోయి మళ్ళీ వెలుగుతోందంటే మొదట ఈ వైరునీ, బ్యాటరీ కొసల్నీ చూడండి. కళాయి పూసిన రాగి వైరయితే ఉప్పుగాలికి తొందరగా నల్లబడదు. ఫ్యూజు బ్యాటరీ ప్లస్ దగ్గరే ఉండాలి, ఎన్ని ఆంపియర్లన్నది స్క్రీన్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ట్రాన్స్‌డ్యూసర్ కేబుల్ ఎక్కువైనా కోయకండి, చుట్టి కట్టేయండి. స్క్రీన్ వెనక ప్లగ్గులోకి పోయేముందు కేబుల్‌ని కిందికి వేలాడేలా ఒక వంపు తిప్పితే నీళ్ళు ఆ వంపులోనే కారిపోతాయి.

స్క్రీన్ బిగించాక దిక్సూచి వైపు చూస్తూ ఒకసారి ఆన్, ఒకసారి ఆఫ్ చేయండి. ముల్లు కదిలిందా, దూరం జరపండి.

ఇక వాడకం. చేప బొమ్మలు చూపించే ఆప్షన్ వెంటనే తీసేయండి. బుడగ కనిపించినా, చెత్త కనిపించినా దానికి చేపే. అసలు గీతలు చూడటం అలవాటైతే గట్టి నేల మందంగా, బురద పల్చగా రావడం మీకే తెలుస్తుంది. గెయిన్, అంటే తిరిగొచ్చిన శబ్దాన్ని ఎంత పెంచి చూపించాలన్నది, కొంచెం కొంచెం పెంచి, స్క్రీనంతా చుక్కలు రాగానే కాస్త వెనక్కి తిప్పండి. శబ్దం ఫ్రీక్వెన్సీ తీరం దగ్గర 200 కిలోహెర్ట్జ్, లోతుకెళ్తే 50 పెట్టండి.

జీపీఎస్ కూడా ఉంటే ఒక టెన్షన్ ఉంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చేపలుండే చోట్ల అక్షాంశ రేఖాంశాలు పంపుతుంది కదా, అవి నిమిషాలూ సెకన్లలో ఉన్నాయా, నిమిషాల దశాంశాల్లో ఉన్నాయా చూసి స్క్రీన్‌ని అదే పద్ధతిలో పెట్టండి. 40 నిమిషాల 50 సెకన్లని 40.50 అని కొడితే ఆరు వందల మీటర్లు తప్పిపోతారు. నేనూ ఒకసారి అలాగే కొట్టి ఇచ్చాను, మా మావయ్య వల రాళ్ళకి తగులుకుంది. వల బాగుకి సగం డబ్బు నేనే పెట్టుకున్నాను.

యూనిట్లు బారల్లో కావాలంటే ఫాథమ్స్ అని పెట్టండి, ఒక ఫాథమ్ ఆరడుగులు. ఆఖరి పని: తాడుకి సీసం గుండు కట్టి, పక్కనే వదిలి కొలవండి. మావయ్య తెప్పలో గుండు కంటే స్క్రీన్ లోతుని ఒక అడుగు తక్కువ చూపించింది. ట్రాన్స్‌డ్యూసర్ నీటిమట్టానికి ఒక అడుగు కింద ఉంది మరి. డెప్త్ ఆఫ్‌సెట్‌లో ఆ అడుగు కలిపాక రెండూ ఒకటే అయ్యాయి.