తెల్ల కొంగ తెల్లటి మచ్చగా పడుతుంటే నేను చేసింది

నల్లగొండ దగ్గర పానగల్ ఉదయ సముద్రం మీద కొంగల్ని ఫొటోలు తీస్తుంటే ప్రతిసారీ ఒకటే గొడవ: నీళ్లు బాగానే వస్తాయి, కొంగ మాత్రం సున్నం పూసినట్టు, ఒక్క ఈక కూడా విడిగా కనిపించదు. లెన్స్ మీద అనుమానం వచ్చింది గానీ దాని తప్పేం లేదు. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ ఫ్రేమ్ మొత్తాన్ని మధ్యస్థ బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. ముదురు నీళ్లే ఎక్కువ ఉంటే వెలుతురు పెంచేస్తుంది, మధ్యలో చిన్న కొంగ కాలిపోతుంది, అంటే వివరాలు పోయి ఉత్త తెలుపైపోతుంది.

ముందు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటర్ లెక్కకన్నా వెలుతురు ఎక్కువో తక్కువో చేసే సెట్టింగ్) మైనస్ 1 పెట్టాను. నీళ్ల మీద సరిపోయింది, కానీ కొంగ లేచి ఆకాశం ముందుకు రాగానే నల్లగా పడింది. అందుకే ఇప్పుడు మాన్యువలే, సెట్టింగులన్నీ నేనే పెట్టుకుంటాను. పొద్దు వీపు వెనక ఉండేలా నిలబడి షటర్ 1/2000, ఎఫ్/6.3, ఐఎస్ఓ 400తో మొదలుపెట్టి, హైలైట్ అలర్ట్ (కాలిన చోట్లను స్క్రీన్ మీద మిణుకుమనిపించేది) ఆన్ చేసి, కొంగ ఒంటి మీద మిణుకులు ఆగేదాకా షటర్ స్పీడ్ పెంచి వెలుతురు తగ్గిస్తాను. తర్వాత వెనక నీళ్లున్నా చెట్లున్నా ఆకాశమున్నా సెట్టింగ్ ముట్టను, ఎందుకంటే కొంగ మీద పడే ఎండ మారలేదు కదా. మబ్బు అడ్డొస్తే మాత్రం మళ్లీ చూసుకోవాలి.

నీటికాకి సంగతి దీనికి రివర్స్, నల్ల ఈకలు కనబడాలంటే ఒక స్టాప్ ఎక్కువ, అంటే రెట్టింపు వెలుతురు ఇవ్వాలి. రెండూ ఒకే రాయి మీద కూర్చుంటే నేను కొంగ వైపే: రా ఫైల్‌లో (కెమెరా మార్పులు చేయకుండా దాచే ఫైల్) నీడల్ని కొంత లేపొచ్చు, పూర్తిగా కాలిన తెలుపు తిరిగి రాదు. ఎండ నెత్తికెక్కాక ఇవేవీ పెద్దగా పనిచేయవు, కెమెరా సంచిలో పెట్టి చాయ్‌కి పోవడమే మేలు, ఎండాకాలంలో అయితే ఎనిమిదికే.