పాత వెండి నగల నలుపు వదిలించడం: ఏది ముంచాలి, ఏది తుడిచి వదిలెయ్యాలి

పాత పట్టీల మీద, కడియాల మీద పేరుకునే నలుపు చాలావరకు వెండి సల్ఫైడ్. గాలిలోని గంధకపు వాయువులు వెండి పైపొరతో కలిస్తే ఇది తయారవుతుంది. అంటే ఆ నలుపులో కూడా వెండే ఉంది. టూత్‌పేస్టుతో, పీచుతో గీకితే నలుపుతో పాటు ఆ వెండీ నీళ్ళలో పోతుంది. ఏటా పండక్కి ఇలా రుద్దిన నగల మీద లతలూ హంసలూ అరిగి నున్నగా అయిపోవడానికి కారణం ఇదే.

ముందు నగలో ఏముందో చూడండి. భూతద్దం లేకపోతే ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి చూసినా సరిపోతుంది. లక్క పోసిన నగ అంత సైజు గట్టి నగకన్నా తేలిగ్గా ఉంటుంది, గోటితో కొడితే మొద్దు చప్పుడు చేస్తుంది. అతుకుల దగ్గర ముదురు రంగు జిగురులాంటిది కనిపిస్తే లక్క ఉందనే అనుకోండి. రాయి వెనకవైపు మూసి ఉంటే దాని కింద మెరుపు కోసం పెట్టిన రేకు ఉండొచ్చు. ఈ రెండు రకాల నగలనూ నీళ్ళలో ముంచకూడదు. లక్క వేడినీళ్ళకే మెత్తబడి రాళ్ళు కదులుతాయి. రేకు కిందికి తడి చేరితే రేకు నల్లబడి కెంపు మసకగా కనిపిస్తుంది, మళ్ళీ మామూలుగా కాదు. పచ్చగా చిలుము పట్టి ఉంటే అందులో రాగి ఉన్నట్టు. అది జర్మన్ సిల్వర్ కూడా కావచ్చు. పేరులో తప్ప దానిలో వెండి ఉండదు కాబట్టి కింద చెప్పే అల్యూమినియం రేకు పద్ధతి దానికి పనిచెయ్యదు.

రాళ్ళు, లక్క లేని గట్టి వెండి అయితే ముందు జిడ్డు వదిలించాలి. అర లీటరు గోరువెచ్చని నీళ్ళలో మూడు నాలుగు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, అడుగున పాత తువ్వాలు పరిచిన టబ్బులో చెయ్యండి. సింకులో మాత్రం వద్దు, మట్టె జారిందంటే గొట్టంలోకే. చిన్నపిల్లల మెత్తటి బ్రష్‌తో గీతల వెంట తోమి, రెండుసార్లు మంచినీళ్ళలో జాడించండి. కొన్ని నగలకు ఇదే చాలు. నలుపు అనుకున్నది నూనె, పసుపు, చెమట కలిసిన జిడ్డే అయి ఉంటుంది.

ఇంకా నలుపు మిగిలితే అల్యూమినియం రేకు పద్ధతి. గాజు గిన్నెలోనో స్టీలు గిన్నెలోనో వంటింటి అల్యూమినియం ఫాయిల్ పరిచి, లీటరు వేడినీళ్ళు పొయ్యండి. మరుగుతున్న నీళ్ళు వద్దు, ఆవిర్లు వస్తుంటే చాలు. ఒక టేబుల్ స్పూన్ వంట సోడా, ఒక టీస్పూన్ ఉప్పు కలిపి, నగ ఫాయిల్‌కి తగిలేలా పెట్టండి. అల్యూమినియం గంధకాన్ని లాక్కుంటుంది, వెండి నగ మీదే ఉండిపోతుంది. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే పని జరుగుతున్నట్టు. కిటికీ తెరవండి. రెండు మూడు నిమిషాలకు తిరగేసి, మరో రెండు నిమిషాలు ఉంచి తీసెయ్యండి.

ఏమీ జరగకపోతే ముందు మూడు కారణాలు చూడండి. నగ ఫాయిల్‌ని తాకడం లేదు, జిడ్డు పూర్తిగా పోలేదు, లేదా నీళ్ళు చల్లారాయి. వంట సోడా బదులు బేకింగ్ పౌడర్ వేసి ఉంటే అదీ పొరపాటే, దానిలో ఆమ్లం కలిసి ఉంటుంది. నలుపు మందంగా ఉంటే అదే నీళ్ళలో గంటసేపు వదలకుండా కొత్త ఫాయిల్, కొత్త నీళ్ళతో మళ్ళీ చెయ్యండి. బయటికి తీసినప్పుడు వెండి పాలిపోయినట్టు కనిపిస్తే కంగారు పడొద్దు, మెత్తటి పొడి గుడ్డతో మెరుగు పెడితే మెరుపు తేలుతుంది.

చెక్కడపు పని ఉన్న వడ్డాణాలకు, కంటెలకు మాత్రం ఈ పద్ధతి వాడొద్దు. గీతల్లోని నలుపు వల్లే ఆ పువ్వులూ నెమళ్ళూ విడిగా తేలి కనిపిస్తాయి. అది కూడా పోతే నగ సపాటుగా, నిన్ననే కొన్నట్టు ఉంటుంది. వెండి తుడిచే గుడ్డతో ఉబ్బెత్తు భాగాలు మాత్రమే తుడవండి. కరీంనగర్ తీగ పని నగల్ని ఆ గుడ్డతో కూడా గట్టిగా నొక్కొద్దు, సన్నటి తీగ వంగుతుంది.

చింతపండు రాగి చెంబుకి పనిచేస్తుంది కదా, వెండికి ఎందుకు వద్దంటారు? చెంబు మీది ఆక్సైడ్‌ని చింతపండు పులుపు కరిగిస్తుంది, వెండి సల్ఫైడ్‌ని కరిగించలేదు. కనిపించే మెరుపు రుద్దుడు వల్ల వచ్చింది. విభూతితో వెండి తోమే అలవాటుంటే ముందు దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూడండి, కాస్త గరగరలాడినా పక్కన పెట్టెయ్యండి. బ్లీచింగ్ పౌడర్ కలిసిన నీళ్ళు వెండికీ బంగారానికీ రెండింటికీ చేటే.

బంగారు నగల్లో రాళ్ళు, ముత్యాలు లేనివైతే సబ్బు నీళ్ళు చాలు. గుట్టపూసలకీ పగడాలకీ నిమ్మరసం, చింతపండు, కుంకుడు రసం ఏదీ తగలకూడదు. ముత్యం, పగడం రెండూ కాల్షియం కార్బొనేటే, పులుపు తగిలితే పైపొర తినేస్తుంది. బాగా పిండిన తడి గుడ్డతో ఒక్కో వరుస తుడిచి, దారం సాగకుండా బల్లపరుపుగా పరిచి ఆరబెట్టండి, కనీసం ఒక రోజు. పచ్చలకు వేడినీళ్ళు పనికిరావు, వాటి పగుళ్ళలో నింపిన నూనె పోతుంది. రోల్డ్ గోల్డ్‌ని రుద్దితే పూత పోయి లోపలి లోహం బయటపడుతుంది, పొడి గుడ్డ మించి ఏదీ వద్దు.

వీధిలో ‘మెరుగు పెడతాం’ అంటూ వచ్చేవాళ్ళకు నగ ఇవ్వకండి. బంగారాన్ని కరిగించే ఆమ్లంలో వాళ్ళు ముంచితే కొంత బంగారం ఆ ద్రావకంలోనే మిగులుతుంది, మీకు తిరిగొచ్చేది తేలికైన నగ. నమ్మకమైన కంసాలి దగ్గరికి తీసుకెళ్ళినా ముందూ తర్వాతా తూకం వేయించండి. కదిలే రాళ్ళు, విడిపోయిన టంకం ఉన్న నగలు నేరుగా ఆయనకే ఇవ్వాలి, ఇంట్లో కడగకూడదు.

ఆరబెట్టడంలో అందరూ తొందరపడతారు. మువ్వల లోపల నీళ్ళు నిలుస్తాయి, రాత్రంతా ఫ్యాన్ కింద ఉంచండి. తర్వాత వెండిని విడివిడిగా పాత నూలు గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లంతో జిప్ కవర్లో పెట్టండి. ముత్యాలు మాత్రం కవర్లో వద్దు, గుడ్డ సంచిలో చాలు. రబ్బర్ బ్యాండుతో కట్టకండి, ఉన్ని గుడ్డలో చుట్టకండి. వాటి నుంచి వచ్చే గంధకం నగని మళ్ళీ నల్లబరుస్తుంది.