విదేశంలో ప్రాణం విడిచిన మీ ఇంటి సిపాయి పేరు: వెతికే పద్ధతి, లేకపోతే చేర్పించే దరఖాస్తు

పెత్రమాస నాడు పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు మన ఓరుగల్లు వైపు కొన్ని ఇళ్లలో ఒక పేరు దగ్గర గొంతు ఆగుతుంది. "పల్టన్‌ల చేరిండు, బర్మాకు పోయిండు, మళ్ల రాలే." రెండో ప్రపంచ యుద్ధంలో అలా పోయినవాళ్ల వివరాలు, యుద్ధంలో పోయిన సైనికుల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ దగ్గర ఉంటాయి. 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 వరకు జరిగిన మరణాలు దీని కిందికి వస్తాయి. సర్వీసులో ఉండగా జబ్బు చేసి పోయినా లెక్కలోకే వస్తారు. వెతకడానికి ఫీజు లేదు.

కంప్యూటర్ తెరవకముందు ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, పోయిన కాలం అడిగి రాసుకోండి. రిజిస్టర్‌లో చాలామంది సిపాయిల పేరు పక్కన ఎవరి కొడుకు, ఏ ఊరు అన్న ఒక లైను ఉంటుంది. ఒకే పేరున్న పదిమందిలో మన మనిషిని పట్టించేది అదే.

కమిషన్ వెబ్‌సైట్‌లో మరణించిన సైనికుల పేర్లు వెతికే పేజీ ఉంది. ఇంటిపేరు గడిలో అసలు పేరే కొట్టండి, ఎందుకంటే మనవాళ్లలో చాలామందికి అక్కడ ఒక్క పేరే ఎక్కింది. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తోనే అసలు తిప్పలు. రాజయ్యను ఏ గుమస్తా ఎలా రాశాడో చెప్పలేం, నాలుగైదు రకాలుగా కొట్టి చూడాలి. అదనపు సమాచారం గడిలో ఊరు పేరు, తర్వాత వరంగల్ అని వేయండి. ఖమ్మం 1953లో గానీ వేరే జిల్లా కాలేదు, కాబట్టి అటు ఊళ్లవాళ్లు కూడా వరంగల్ కిందే వెతకాలి.

పేరు దొరక్కపోతే కుంగిపోవద్దు. చేర్చమని ఆ వెబ్‌సైట్ ద్వారానే రాయవచ్చు, రాసేవాళ్లు బంధువులే కానక్కర్లేదు. కావాల్సింది రుజువు: ఆయన సైన్యంలో ఉన్నట్టు ఒకటి, ఎప్పుడు ఎలా చనిపోయారో చెప్పేది ఒకటి. పల్టన్ నుంచి వచ్చిన ఉత్తరం, పెన్షన్ కాగితం ఏదున్నా స్కాన్ చేసి పెట్టండి. సందూకలో మెడల్ ఉంటే దాని అంచు చూడండి, నంబర్, పేరు చెక్కి ఉండవచ్చు. దయచేసి దాన్ని అమ్ముకోకండి. నిజాం ఫౌజులో పనిచేసినవాళ్లయితే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో కూడా అడగండి. 1941 డిసెంబర్‌లో మలయాలోని కోట బారులో నిజాం ఫౌజుకు చెందిన ఒకటో హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ ఉంది. పరిశీలనకు టైం పడుతుంది, పంపినవాటి కాపీలు దాచుకోండి.

1987-90లో శ్రీలంకకు వెళ్లిన శాంతి సేనవాళ్లది వేరే దారి. వారి కోసం రెజిమెంట్ రికార్డ్ ఆఫీసును గానీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని గానీ అడగాలి.

పేరు దొరికితే ఏ స్మారకం మీద ఎక్కడ చెక్కారో ఆ నంబర్ కూడా కనిపిస్తుంది. బర్మాలో సమాధి లేనివాళ్లకు అక్కడి తౌక్యాన్‌లో రంగూన్ స్మారకం ఉంది, దాని మీద దాదాపు 27,000 పేర్లున్నాయి. దహనం చేసినవాళ్లకు అదే తౌక్యాన్‌లో విడిగా మరొకటి ఉంది. మలయాలో పోయి సమాధి లేనివాళ్ల పేర్లు సింగపూర్‌లోని క్రాంజీలో ఉంటాయి. మన కరీంనగర్, జగిత్యాల పిల్లలు అక్కడ పనిలో ఉంటారు కదా, కాలమ్ నంబర్ పంపి ఒక ఆదివారం వెళ్లి ఫోటో తీయమనండి. ఆ ఫోటో పెత్రమాసకు ముందే ఇంటికి చేరేలా చూసుకోండి.